ఉక్కు చట్రానికి ఎర్తింగ్: ఒక స్తంభం, మూడు పనులు, తెగని వాదం

ఇనుప చట్రంతో కట్టిన షెడ్డులో మోటారు బిగించేటప్పుడు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. నేలలోకి దిగిన ఉక్కు స్తంభం చేతికందే దూరంలో ఉండగా, మోటారు ఎర్త్ వైరును ప్యానెల్ దాకా లాక్కెళ్లడం దేనికి? స్తంభానికే ఓ బోల్టు వేసి బిగిస్తే సరిపోదా? అమెరికా జాతీయ విద్యుత్ నియమావళి సరిపోదని ఖరాకండిగా చెబుతుంది. అదే నియమావళి మరో పేజీలో, ఆ స్తంభం కింది పునాది ఉక్కును ఎర్త్ ఎలక్ట్రోడ్‌గా వాడి తీరాలంటుంది. జర్మనీలో కొత్త భవనానికి ఎర్తింగ్ అనగానే ముందు చూసేది పునాదినే. మన దేశంలో టన్నుల కొద్దీ ఉక్కు పాతిన పునాది పక్కనే ఉప్పు, బొగ్గు నింపిన ఎర్త్ గుంతలు విడిగా తవ్వుతారు.

ఈ వాదంలో సగం చిక్కు, ఉక్కు చేసే మూడు వేర్వేరు పనులను ఒకే గాట కట్టి మాట్లాడడం వల్ల పుట్టింది. ఆ మూడింటినీ విడదీస్తే చాలా తగవులు వాటంతటవే తేలిపోతాయి. మిగిలిన సగం మాత్రం నిజమైన చిక్కే. తుప్పు, పిడుగు, నీరు చొరని పునాదులు, కాంక్రీటు పోశాక కంటికి కనబడని అతుకులు: వీటి మీద ఇంజనీర్ల మధ్య ఇంకా ఏకాభిప్రాయం లేదు.

అరిజోనా ఎడారి నుంచి నియమావళి దాకా

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యానికి అరిజోనా రాష్ట్రంలో టూసాన్, ఫ్లాగ్‌స్టాఫ్ పట్టణాల దగ్గర బాంబులు నిల్వచేసే గిడ్డంగులు ఉండేవి. పిడుగు పడినా, స్థిర విద్యుత్తు పేరుకున్నా అక్కడ పెద్ద ప్రమాదమే. ఎర్తింగ్ పక్కాగా ఉండాలి. కానీ అది వానలు తక్కువ పడే పొడి నేల. ఆ రోజుల్లో అమెరికాలో ఎర్తింగ్‌కు ప్రధాన ఆధారమైన భూగర్భ నీటి పైపులు అక్కడ లేవు. సైన్యానికి సలహాదారుగా ఉన్న హెర్బర్ట్ యూఫర్ పునాది కాంక్రీటులోని అరంగుళం ఇనుప కడ్డీలనే, 20 అడుగుల పొడవున, ఎలక్ట్రోడ్లుగా వాడించాడు. కొలిస్తే నిరోధం 2 నుంచి 5 ఓముల మధ్య వచ్చింది. ఏళ్ల తర్వాత మళ్లీ కొలిచినా పెద్దగా మారలేదు.

ఈ ఫలితాలను యూఫర్ 1963లో వృత్తి సదస్సులో సమర్పించాడు. సమయం కలిసొచ్చింది. అప్పటికి నగరాల్లో ఇనుప నీటి పైపుల స్థానంలో ప్లాస్టిక్ పైపులు వస్తున్నాయి. పైపును నమ్ముకున్న ఎర్తింగ్‌కు కొత్త ఆధారం కావాలి. 1968 నాటి అమెరికా నియమావళిలో కాంక్రీటులో పొదిగిన ఎలక్ట్రోడ్‌కు చోటు దక్కింది. 1970లో ఫేగన్, లీ అనే ఇంజనీర్లు పారిశ్రామిక భవనాల పునాది కడ్డీలను ఎలక్ట్రోడ్లుగా వాడడంపై రాసిన పత్రం ఈ పద్ధతికి మరింత బలమిచ్చింది.

అయినా చాలాకాలం దీన్ని తప్పించుకునే దారి ఉండేది. పునాది కడ్డీలు అందుబాటులో ఉంటేనే వాడాలని నియమం. ఎలక్ట్రీషియన్ వచ్చేసరికి కాంక్రీటు పోసేసి ఉంటే, అందుబాటులో లేవని చెప్పేస్తే సరిపోయేది. 2005 కూర్పు ఆ సందు మూసేసింది. కొత్త కట్టడంలో తగిన కడ్డీలు ఉన్నాయంటే కలపవలసిందే.

ఐరోపాది వేరే దారి. ఫ్రాన్స్‌లో పునాది గుంత అడుగున భవనం చుట్టూ రాగి తీగ వలయంగా పరిచే పద్ధతి స్థిరపడింది. జర్మనీలో పునాది ఎర్త్‌కంటూ డి.ఐ.ఎన్. 18014 అనే ప్రమాణం 1994లో వచ్చి, 2007, 2014, 2023లలో సవరణలు పొందింది. భారతదేశంలో ఎర్తింగ్‌కు మూలగ్రంథమైన ఐ.ఎస్. 3043 మొదట 1966లో వెలువడింది. 1987, 2018లలో దాన్ని తిరగరాశారు. కట్టడపు ఉక్కును ఎర్త్ ఎలక్ట్రోడ్‌గా వాడవచ్చని అది చెబుతున్నా, నిర్మాణ స్థలంలో ఆ మాట వినబడేది తక్కువ.

కాంక్రీటులో కరెంటు ఎలా పారుతుంది

బయటికి రాయిలా కనిపించే కాంక్రీటు నిజానికి తేమను పట్టి ఉంచే పదార్థం. దాని సన్నని రంధ్రాల్లో క్షారగుణమున్న నీరు నిలిచి ఉంటుంది. అందులోని అయాన్లు కరెంటును మోస్తాయి. తడి నేలలో ఉన్న కాంక్రీటు విశిష్ట నిరోధం 30 నుంచి 200 ఓమ్-మీటర్ల దాకా ఉంటుందని సబ్‌స్టేషన్ల ఎర్తింగ్‌కు ప్రామాణికమైన ఐట్రిపుల్‌ఇ 80 చెబుతుంది. గట్టి రాతినేలలో ఈ అంకె వేలల్లో ఉంటుంది. అంటే రాతినేలలో సూటిగా దిగ్గొట్టిన రాడ్డు కంటే కాంక్రీటు తొడుగున్న కడ్డీయే నేలతో మెరుగ్గా మాట్లాడుతుంది. పైగా పునాది విస్తీర్ణం ముందు ఎర్త్ గుంత ఎంత? ఐ.ఎస్. 3043 చెప్పే ప్లేటు 60 సెంటీమీటర్ల చదరం. పది ఫుటింగులున్న మామూలు షెడ్డుకు కూడా నేలను తాకే కాంక్రీటు అంతకు ఎన్నో రెట్లు. పెద్ద కట్టడాల పునాది ఉక్కుతో ఒక ఓముకు బాగా లోపలే నిరోధం రావచ్చని బ్రిటిష్ ప్రమాణం బి.ఎస్. 7430 చెబుతుంది.

విడదీసి చూడాల్సిన మూడు పనులు

మొదటి పని, నేలతో సంబంధం. పిడుగు కరెంటు, పై లైను నుంచి వచ్చిపడే హై వోల్టేజీ నేలలోకి పోవాలి. దీనికి ఎలక్ట్రోడ్ కావాలి.

రెండో పని, ఫాల్ట్ కరెంటును వెనక్కి తేవడం. మోటారు లోపల ఫేజ్ తీగ బాడీని తాకితే, ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌కు తక్కువ అడ్డంకితో తిరిగి చేరాలి. అప్పుడే బ్రేకరు రెప్పపాటులో పడిపోతుంది.

మూడో పని, సమాన వోల్టేజీ. మనిషి ఒకేసారి తాకగల లోహపు భాగాలన్నీ ఒకే వోల్టేజీలో ఉంటే, ఫాల్ట్ సమయంలో కూడా షాకు తీవ్రత తగ్గుతుంది. దీన్నే బాండింగ్ అంటారు.

ఉక్కు చట్రం మొదటి, మూడో పనులు భేషుగ్గా చేస్తుంది. పేచీ అంతా రెండో దాని దగ్గరే. మోటారు బాడీని పునాది ఎర్త్‌కు మాత్రమే కలిపి, న్యూట్రల్‌కు లోహపు దారి లేకుండా వదిలేశారనుకుందాం. పునాది నిరోధం 5 ఓములు. 230 వోల్టులను 5తో భాగిస్తే 46 ఆంపియర్లు. 32 ఆంపియర్ల సి-రకం ఎం.సి.బి. తక్షణం పడిపోవాలంటే 160 నుంచి 320 ఆంపియర్లు కావాలి. 46 ఆంపియర్లకు అది పడిపోవడానికి గంట కూడా పట్టవచ్చు. అంతసేపూ మోటారు బాడీ ప్రాణాంతకమైన వోల్టేజీలో ఉంటుంది. అయిదు ఓములు మంచి ఎర్తే, అయినా ప్రాణం కాపాడదు. నేలను ఫాల్ట్ కరెంటుకు దారిగా లెక్కించరాదని అమెరికా నియమావళి విడిగా చెప్పడానికి కారణం ఇదే. లీకేజీని పసిగట్టే 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉంటే పరిస్థితి మారుతుంది. కానీ పెద్ద మోటార్లకు దాన్ని అన్నిచోట్లా పెట్టరు.

మరి ఉక్కు చట్రాన్ని మెయిన్ ప్యానెల్ దగ్గర న్యూట్రల్‌కు కలిపితే? అప్పుడు నేలతో పనిలేకుండా లోహపు దారి ఏర్పడుతుంది. 300 మిల్లీమీటర్ల ఐ-బీముకు అడ్డుకోత 5,600 చదరపు మిల్లీమీటర్లకు అటూఇటుగా ఉంటుంది. ఉక్కు రాగి కంటే ఎనిమిది, పది రెట్లు ఎక్కువ నిరోధమున్నదైనా, ఆ లెక్కన అది 560 నుంచి 700 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్‌తో సమానం కావాలి. ఇక్కడే ఏ.సి. కరెంటు మెలిక పెడుతుంది. అయస్కాంత గుణమున్న ఉక్కులో 50 హెర్ట్జ్ కరెంటు పైపొరలో ఒకటి రెండు మిల్లీమీటర్ల మందంలోనే పారుతుంది. లోపలి ఉక్కు దాదాపు ఖాళీగా కూర్చుంటుంది. అంతకంటే పెద్ద అడ్డంకి దూరం. వెళ్లే తీగకూ తిరిగొచ్చే దారికీ మధ్య ఎడం పెరిగేకొద్దీ ఇండక్టెన్స్ పెరుగుతుంది. ఫేజ్ తీగ ఒక గోడ వెంట, తిరుగు కరెంటు పది మీటర్ల అవతలి స్తంభం గుండా పోతే, ఆ రెండింటి మధ్య పెద్ద అయస్కాంత వలయం ఏర్పడి కరెంటును నొక్కిపెడుతుంది. జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు ఆర్. హెచ్. కౌఫ్‌మన్ 1954లో ప్రచురించిన ప్రయోగ ఫలితాలు దీన్నే చూపాయి. తీగలను చుట్టి ఉన్న ఇనుప కాండ్యూట్ దారి, భవనపు ఉక్కు దారి రెండూ ఉన్నప్పుడు, ఫాల్ట్ కరెంటులో అత్యధిక భాగం కాండ్యూట్‌నే ఎంచుకుంది. భవనపు ఉక్కు వాటా కొద్దిగానే మిగిలింది.

నాలుగు దృక్పథాలు

అమెరికా పద్ధతిలో ఉక్కుకు పాత్రలు విడివిడిగా పంచిపెట్టారు. నేలలో నిలువుగా కనీసం 10 అడుగుల మేర తాకుతూ ఉన్న కట్టడపు ఉక్కు ఎలక్ట్రోడే. పునాదిలో కనీసం 20 అడుగుల పొడవు, అరంగుళం వ్యాసమున్న కడ్డీలు, రెండంగుళాల కాంక్రీటు తొడుగుతో నేలను తాకుతుంటే అవీ ఎలక్ట్రోడే. నేల పైనున్న చట్రాన్ని మాత్రం ఇటీవలి కూర్పులు ఎలక్ట్రోడ్ అనకుండా, ఎలక్ట్రోడ్లను కలిపే వాహకంగానే చూస్తాయి. బహుళ అంతస్తుల భవనంలో పై అంతస్తు ట్రాన్స్‌ఫార్మర్‌ను దగ్గరి ఉక్కు స్తంభానికి కలపవచ్చు. అదే స్తంభాన్ని మోటారుకు ఏకైక ఎర్త్ వైరుగా వాడకూడదు.

జర్మన్ పద్ధతి ఉన్న ఉక్కును వెతుక్కోదు, ముందే ప్రణాళిక వేసుకుంటుంది. 30 మిల్లీమీటర్ల వెడల్పు, 3.5 మిల్లీమీటర్ల మందమున్న ఉక్కు పట్టీ గానీ, 10 మిల్లీమీటర్ల గుండ్రటి కడ్డీ గానీ పునాదిలో మూసిన వలయంగా పరుస్తారు. వలయంలోని గళ్లు 20 మీటర్ల చదరాన్ని మించకూడదు. రెండేసి మీటర్లకోసారి దాన్ని కట్టడపు కడ్డీలకు బిగిస్తారు. బరువు మోసే కడ్డీ ఒకటి, కరెంటు మోసే పట్టీ ఒకటి అన్నమాట.

అంతర్జాతీయ ఐ.ఇ.సి. 60364 మధ్యేమార్గం. నేలలోని వెల్డు చేసిన కాంక్రీటు కడ్డీలను ఎలక్ట్రోడ్లుగా ఒప్పుకుంటుంది. ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటును మినహాయిస్తుంది. భవనంలోని ఇతర లోహభాగాలు రక్షణ వాహకంగా పనికొస్తాయని షరతులతో అంగీకరిస్తుంది. కొనసాగింపు చెడకూడదు, అడ్డుకోత చాలినంత ఉండాలి, ఎవరూ ఊడదీసే వీలుండకూడదు. మామూలు వాడకంలోనే యాంత్రిక ఒత్తిడికి లోనయ్యే కట్టడపు భాగాలను మాత్రం వద్దంటుంది.

భారతీయ పద్ధతికి వెన్నెముక డబుల్ ఎర్తింగ్. 1956 నాటి విద్యుత్ నిబంధనల్లోనూ, కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నిబంధనల్లోనూ మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్ల బాడీలకు రెండు వేర్వేరు, స్పష్టమైన ఎర్త్ కనెక్షన్లు ఉండాలన్నది ముఖ్య నియమం. 2010 నిబంధనల స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. ఈ సంప్రదాయంలో ఎర్త్ అంటే కంటికి కనబడే జి.ఐ. (జింకు పూత ఇనుము) పట్టీ, మూత తీసి కొలవదగ్గ గుంత. భారీ విద్యుత్ కేంద్రాల్లో నేల కింద 40 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీలు కడ్డీల వల, నేల పైన జి.ఐ. పట్టీలు వాడడం వాడుకలో ఉంది. ఉక్కు స్తంభాలు, మెట్లు, రెయిలింగులను ఆ వలకు కలుపుతారు. ఇక్కడ చట్రం ఎర్త్‌ను అందుకునేదే కానీ ఇచ్చేది కాదు.

క్లుప్తంగా పోల్చి చూస్తే:

– పునాది ఉక్కు ఎలక్ట్రోడ్‌గా: అమెరికాలో ఉంటే తప్పనిసరి, జర్మనీలో ముందే పరిచిన వలయంతో, ఐ.ఇ.సి.లో అనుమతి, భారత్‌లో అనుమతి ఉన్నా వాడకం తక్కువ.

– చట్రం ఫాల్ట్ కరెంటుకు ఏకైక దారిగా: అమెరికాలో నిషేధం, ఐ.ఇ.సి.లో గట్టి షరతులు. భారత్‌లో రెండు స్పష్టమైన కనెక్షన్ల నియమం వల్ల ఆ అవసరమే రాదు.

– చట్రానికి బాండింగ్: అన్నిచోట్లా ఒప్పుదలే, అభ్యంతరం లేదు.

అతుకు వేసే తీరు

సిద్ధాంతం ఏదైనా, చివరికి రాగి తీగ ఉక్కును కలిసే చోటే పని నిలబడేదీ, చెడేదీ. స్తంభానికి రెడ్ ఆక్సైడ్ ప్రైమరు, దాని మీద ఎనామెల్ పూత ఉంటాయి. మంటల నుంచి రక్షణకు పిచికారీ చేసిన సిమెంటు పొర కూడా ఉండవచ్చు. తీగ కొసన ఉండే లగ్గు కింద ఆ పూత గీకి, మెరిసే లోహం కనబడేలా చేయాలని అన్ని నియమాలూ అంటాయి. బిగించాక ఆ చోటికి తిరిగి రంగు వేయాలి. లేకపోతే రాగి, ఉక్కు, తేమ కలిసి అక్కడే తుప్పు మొదలుపెడతాయి. అందుకే తగరపు పూత ఉన్న లగ్గులు, రెండు లోహాలకూ సరిపోయే వాషర్లు వాడతారు. మరలు వేస్తే కనీసం రెండు చుట్లు ఉక్కులో పట్టాలి, లేదా వెనక నట్టు ఉండాలని అమెరికా నియమం.

శాశ్వతమైన అతుకుకు పేరున్నది ఎగ్జోథర్మిక్ వెల్డింగ్. రాగి ఆక్సైడు, అల్యూమినియం పొడిని గ్రాఫైట్ అచ్చులో మండిస్తే, కరిగిన రాగి తీగనూ ఉక్కునూ ఒకటి చేస్తుంది. 1938లో క్లీవ్‌లాండ్‌లో చార్లెస్ క్యాడ్వెల్ రైలు పట్టాల సిగ్నల్ తీగల కోసం దీన్ని రూపొందించాడు. ఇలాంటి శాశ్వత అతుకులను ఎలా పరీక్షించాలో ఐట్రిపుల్‌ఇ 837 చెబుతుంది. నేల కింద, కాంక్రీటు లోపల, మళ్లీ చేయి పెట్టలేని చోట్ల దీన్నే ఇష్టపడేవారు ఎక్కువ.

ఎలక్ట్రికల్ వాళ్లు మెచ్చిన ఈ పద్ధతికి అడ్డుచెప్పేది స్ట్రక్చరల్ ఇంజనీర్లు. క్రేను తిరిగే గర్డర్ల కింది అంచులో ప్రతి వెల్డూ అలసట పగుళ్లకు బీజం కావచ్చు. టి.ఎం.టి. కడ్డీ బలం చాలావరకు, వేడిచేసి చల్లార్చి గట్టిపరిచిన దాని బయటి పొరలో ఉంటుంది. అడ్డదిడ్డంగా వెల్డింగ్ చేస్తే ఆ పొర మెత్తబడుతుంది. ప్రీస్ట్రెస్డ్ తీగల జోలికైతే ఎవరూ వెళ్లకూడదు. రాజీమార్గాలు లేకపోలేదు. తక్కువ ఒత్తిడి ఉండే బేస్ ప్లేటు దగ్గర అతుకు వేయడం, ముందే ఒక ఇనుప పలక వెల్డు చేసి దానికి బోల్టు బిగించడం, బరువు మోయని అదనపు కడ్డీని కరెంటు కోసమే వేయడం వాటిలో ముఖ్యమైనవి.

కడ్డీలను కట్టే బైండింగ్ వైరు చాలునా అన్నది ఇంకో తగవు. చాలునని అమెరికా అంటుంది. వేలాది ముడులు సమాంతరంగా ఉంటాయి కాబట్టి ఏ ఒక్కటి వదులైనా నష్టం లేదన్నది ఆ వాదం. పిడుగు రక్షణకు వాడే ఐ.ఇ.సి. 62305 ఇంకాస్త కఠినంగా ఉంటుంది. నిలువు, అడ్డ కడ్డీల కలయికల్లో దాదాపు సగం వెల్డుతోనో క్లాంపుతోనో గట్టిగా కలిసి ఉండాలి. నిలువు కడ్డీల జోడింపులు వెల్డు చేయాలి, లేదా వ్యాసానికి 20 రెట్లు ఒకదాని మీద ఒకటి వచ్చేలా కట్టాలి. 20 మిల్లీమీటర్ల కడ్డీకి అది 40 సెంటీమీటర్లు. పై నుంచి కింది దాకా కొలిస్తే 0.2 ఓము మించకూడదు.

తుప్పు లెక్క

కాంక్రీటు క్షారగుణం వల్ల లోపలి ఉక్కు మీద రక్షణ పొర ఏర్పడి, విద్యుత్ రసాయన రీత్యా అది రాగికి దగ్గరగా ప్రవర్తిస్తుంది. నేలలోని జింకు పూత ఇనుము అలా కాదు. రెండింటి మధ్య అర వోల్టు దాకా, కొన్నిసార్లు అంతకు మించి తేడా ఉంటుంది. ఆ రెంటినీ తీగతో కలిపితే బ్యాటరీ తయారైనట్టే. అందులో కరిగిపోయేది జి.ఐ. పైపే. ఒక ఆంపియరు డి.సి. కరెంటు ఏడాది పాటు ఇనుము నుంచి నేలలోకి పోతే సుమారు 9 కిలోల ఇనుము కరుగుతుంది. ఇక్కడ పారేది మిల్లీఆంపియర్లే అయినా, పదేళ్లలో పైపు పలచబడడానికి అది చాలు. అందుకే పునాది ఉక్కుకు కలిపే బయటి ఎలక్ట్రోడ్లు రాగివో స్టెయిన్‌లెస్ ఉక్కువో అయితే మంచిదని ఐరోపా ప్రమాణాలు అంటాయి. జి.ఐ. గుంతలనూ పునాది ఉక్కునూ కలిపే మన అలవాటుకు ఇది సూటి ప్రశ్న. ఈ కోణం స్థానిక స్పెసిఫికేషన్లలో అరుదుగా కనిపిస్తుంది.

డి.సి. ట్రాక్షన్ ఉన్న మెట్రోల్లో ఈ చింత రెట్టింపు. బెంగళూరు మెట్రో 750 వోల్టుల డి.సి. మూడో పట్టా మీద నడుస్తుంది. అలాంటి వ్యవస్థల్లో పట్టాల నుంచి తప్పించుకున్న కరెంటు వయాడక్టు కడ్డీల్లోకి దూరకుండా చూడడం పెద్ద పని. 25 కిలోవోల్టుల ఏ.సి.తో నడిచే హైదరాబాద్ మెట్రోకు ఆ రూపంలో బెడద లేదు.

పిడుగు పడితే కాంక్రీటు పగులుతుందా

కడ్డీల చుట్టూ ఉన్న తేమ ఒక్కసారిగా ఆవిరైతే కాంక్రీటు పెచ్చులు రాలవచ్చన్నది పాత భయం. ఐ.ఇ.సి. ప్రమాణం మొదటి స్థాయి రక్షణకు 200 కిలోఆంపియర్ల పిడుగును లెక్కలోకి తీసుకుంటుంది. ఒకే సన్నని ఫుటింగులోంచి అదంతా పోతే భయం నిజమే. పదుల కొద్దీ స్తంభాల మధ్య పంచుకుంటే ఒక్కో పునాది వాటా బాగా తగ్గుతుంది. నష్టం జరిగిన చోట్ల తరచూ కారణం, పిడుగు కరెంటును దించే తీగకూ కడ్డీకీ మధ్య లోహపు అతుకు లేక, అది కాంక్రీటులోంచి దూకవలసి రావడం. కలపకపోతే కాంక్రీటు భద్రమనే వాదం ఇక్కడ తలకిందులవుతుంది. విడిగా నిలబడ్డ ఒంటరి మాస్టులు, చిన్న ఫుటింగుల విషయంలో మాత్రం అదనపు రాడ్లు వేయాలనేవారు ఇప్పటికీ గట్టిగా ఉన్నారు.

నీరు చొరని పునాదులు

యూఫర్ పద్ధతి మొత్తం కాంక్రీటు తడి నేలను తాకుతుందన్న ఊహ మీద నిలబడింది. ఈనాటి పునాది ఆ ఊహను వమ్ము చేస్తోంది. సెల్లారు గోడలకు వాటర్‌ప్రూఫింగ్ షీట్లు, ర్యాఫ్టు కింద ప్లాస్టిక్ పొర, చలిదేశాల్లో ఉష్ణరోధక పలకలు వస్తున్నాయి. కడ్డీలకు ఎపాక్సీ పూత ఉంటే కథ అక్కడే ముగుస్తుంది. పొర అడ్డున్న కాంక్రీటు నేలను తాకినట్టు లెక్కకాదని అమెరికా నియమావళి వివరణ ఇస్తుంది.

దీనికి జర్మనీ 2014 ప్రమాణంలో చెప్పిన జవాబు, పొర బయట నేలలో స్టెయిన్‌లెస్ ఉక్కు వలయం, పొర లోపల కాంక్రీటులో బాండింగ్ వలయం. రెంటినీ నీరు కారని విధంగా కలపాలి. జవాబు సాంకేతికంగా పక్కాగానే ఉంది. ఖర్చు, వాటర్‌ప్రూఫింగుకు పెట్టే కన్నాలు మాత్రం బిల్డర్లను వెనక్కి లాగుతాయి.

విడి ఎర్త్ కావాలనేవారు

సి.ఎన్.సి. యంత్రాలు, సర్వర్లు, ఆసుపత్రి స్కానర్లు వచ్చాక మరో శిబిరం తయారైంది. భవనపు ఉక్కులో చిల్లర కరెంట్లు పారుతుంటాయి కాబట్టి, తమ యంత్రానికి ఎవరితోనూ కలపని ప్రత్యేక గుంత కావాలని వీరి కోరిక. అనుమానం నిరాధారం కాదు. న్యూట్రల్‌ను ఒకటికి మించిన చోట్ల ఉక్కుకు కలిపితే తిరుగు కరెంటు స్తంభాల్లో పారి, చుట్టూ అయస్కాంత క్షేత్రం పుట్టిస్తుంది. కానీ మందు జబ్బుకు తగినది కాదు. విడి గుంతకూ భవనపు ఎర్త్‌కూ మధ్య పిడుగు వేళ వేల వోల్టుల తేడా రావచ్చు. అది యంత్రం లోపలే పేలుతుంది. అందుకే ఐ.ఇ.సి. 62305 ఒక భవనానికి ఒకే ఎర్త్ వ్యవస్థ, గళ్ల వలలా బాండింగ్ అంటుంది. న్యూట్రల్ కలయికను ఒక్కచోటికే పరిమితం చేయడం అసలు చికిత్స. ప్రమాణాల స్థాయిలో ఈ తగవు దాదాపు తీరిపోయింది. యంత్రాల అమ్మకందార్ల మాన్యువళ్లలో ఇంకా సాగుతోంది.

దక్కను రాయి, కోస్తా ఉప్పు

తెలుగు నేల ఈ వాదానికి రెండు కొసలనూ చూపుతుంది. హైదరాబాద్ చుట్టూ కొద్ది అడుగుల్లోనే గ్రానైటు తగులుతుంది. రాడ్డు దిగదు, గుంత తవ్వాలంటే రాయి పగలగొట్టే యంత్రం కావాలి, వేసవిలో నిరోధం పెరుగుతుంది. ఏటా ఉప్పు, నీళ్లు పోసి గుంతను బతికించుకోవాలి. పునాది ఎలక్ట్రోడ్ ఎక్కువ లాభమిచ్చేది ఇలాంటి నేలలోనే. అయితే ఇదే నగరంలో రాయి తొలిచి కట్టే రెండు మూడు సెల్లార్ల భవనాలకు వాటర్‌ప్రూఫింగ్ పొరలు వేస్తున్నారు. లాభం ఎక్కువున్న చోటే అడ్డంకీ వచ్చి కూర్చుంది.

విశాఖపట్నం, కాకినాడ తీరాల్లో తడి ఉప్పు నేల ఎర్త్‌కు అనుకూలం. అక్కడ బాధంతా తుప్పుతోనే. క్లోరైడ్లు కాంక్రీటు లోపలి రక్షణ పొరను ఛేదిస్తే కడ్డీ తుప్పుపట్టి, అసలు ఇనుము కంటే రెండింతలకు పైగా చోటు ఆక్రమించి, కాంక్రీటును చీలుస్తుంది. ఐ.ఎస్. 456 ఫుటింగులకు కనీసం 50 మిల్లీమీటర్ల కవరు అడిగేది ఇందుకే. ఎర్త్ కోసం బయటికి తీసిన కడ్డీ కొస ఆ కవరును దాటుకుని వస్తుంది. నీరు లోపలికి పోయే దారి అదే కావచ్చు. కడ్డీని బయటికి తేకుండా, లోపలే క్లాంపు వేసి రాగి లేదా స్టెయిన్‌లెస్ తీగను మాత్రమే బయటికి తీయడం మెరుగైన పద్ధతి.

తేలినవి, తేలనివి

కొన్ని విషయాల్లో వాదానికి ఇక తావులేదు. నేలను తాకే పునాది ఉక్కు మంచి ఎలక్ట్రోడ్. చట్రాన్ని ఎర్త్ వ్యవస్థకు బాండింగ్ చేయాలి. మోటారుకు ఫేజ్ తీగల వెంటే నడిచే ఎర్త్ తీగ విడిగా ఉండాలి. ఈ మూడూ ఒకదానికొకటి పోటీ కావు, ఒకే భవనంలో మూడూ ఉండాలి.

తేలనివీ ఉన్నాయి. జి.ఐ. గుంతలున్న పాత ఫ్యాక్టరీలో ఇప్పుడు పునాది ఉక్కును కలిపితే వచ్చే లాభం ఎక్కువా, తుప్పు నష్టం ఎక్కువా అన్నది స్థలాన్ని బట్టి మారుతుంది. దానికి అందరూ ఒప్పుకున్న సూత్రం లేదు. పూత వేసిన స్తంభాల మధ్య బోల్టు జోడింపులు 30 ఏళ్ల తర్వాత కూడా కొనసాగింపు నిలుపుకుంటాయా అన్నదానికి కొలతలే ఆధారం. ఆ కొలతలు ఎవరు, ఎన్నేళ్లకోసారి తీయాలన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంది. గుంతకు మూత ఉంటుంది, ఏటా కొలవవచ్చు. పునాదిని మిగతా వ్యవస్థ నుంచి విడదీసి కొలవడం కష్టం.

అన్నిటికంటే మొండి సమస్య సాంకేతికమైనది కాదు. కడ్డీలు కట్టేది సివిల్ కాంట్రాక్టరు. ఎలక్ట్రికల్ కాంట్రాక్టు ఖరారయ్యేసరికి తరచూ పునాది పని అయిపోయి ఉంటుంది. జర్మన్ ప్రమాణం దీనికి పెట్టిన ఏర్పాటు, కాంక్రీటు పోయకముందే విద్యుత్ లేదా పిడుగు రక్షణ నిపుణుడు అతుకులు చూడడం, ఫొటోలు తీయడం, కొనల మధ్య 0.2 ఓము లోపు కొలత చూపించడం, నక్షాతో కలిపి దాఖలు చేయడం. కాంక్రీటును యంత్రంతో కుదించేటప్పుడు సీల ఆకారపు క్లాంపులు వదులవుతాయని వాటిని అక్కడ వాడనివ్వరు కూడా. మన టెండర్లలో పునాది ఎర్తింగ్‌ను సివిల్ బిల్లులోనే ఒక అంశంగా చేర్చి, కాంక్రీటు పోయడానికి ముందు తనిఖీ మజిలీగా పెడితే ఐ.ఎస్. 3043 ఇచ్చిన అనుమతి వాడుకలోకి వస్తుంది. అంతవరకు భవనం కింద ఉక్కు ఎంత ఉన్నా, ఎర్తింగ్ లెక్క గుంతల సంఖ్యతోనే నడుస్తుంది.